పొరలు కలిసినా ముద్దవకుండా: సింథసైజర్లతో యాంబియంట్ ట్రాక్ చేసే పూర్తి పద్ధతి

"ఒక్కో సౌండు విడిగా వింటే బాగానే ఉంటుంది. ఆరేడు కలిపేసరికి అంతా ముద్దైపోతోంది. ఎందుకు?" వైజాగ్‌లో ఇంట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని యాంబియంట్ (మెల్లగా మారుతూ నేపథ్యంగా పరుచుకునే సంగీతం) మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ప్రీసెట్లు (సింథసైజర్‌లో ముందే చేసి పెట్టిన సౌండ్లు) మారిస్తే ఇది తీరదు. ఖరీదైన సింథ్ కొన్నా తీరదు.

ప్రతి పొరకీ మూడు విషయాలు సొంతంగా ఉండాలి: స్థాయి, పొడవు, వేగం. స్థాయి అంటే మంద్రమా, మధ్యమా, తారమా అన్నది. పొడవు అంటే ఆ సీక్వెన్స్ (పదేపదే తిరిగే స్వరాల వరస) ఎన్ని అడుగులకు (సమానమైన కాలపు గళ్లకు) తిరిగి మొదలవుతుందన్నది. వేగం అంటే ఆ సౌండు ఎంత త్వరగా మారుతుందన్నది. రెండు పొరలు వీటిలో ఒకదాన్ని పంచుకున్నా ఫర్వాలేదు. రెండు పంచుకుంటే మాత్రం గొడవ మొదలవుతుంది.

కింద చెప్పేదంతా ఏడు నిమిషాల ట్రాక్ ఒకదాన్ని పట్టుకుని చెబుతాను: ఒక డ్రోన్ (కింద తంబురాలా ఆగకుండా మోగే శ్రుతి), మూడు సీక్వెన్సులు, ఒక ప్యాడ్ (మెల్లగా వచ్చి పోయే మెత్తని స్వరాల గుంపు), మన సముద్రం రికార్డింగ్ ఒకటి. మొదటిసారి అంకెలన్నీ ఇలాగే పెట్టి చేయండి. రెండోసారి మీ ఇష్టం.

## 1. కావలసినవి

ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్స్, ఒక చిన్న మిడి కీబోర్డ్ (ల్యాప్‌టాప్‌లోని సింథ్‌ని వాయించే కీలు). కీబోర్డ్ లేకపోయినా మౌస్‌తో నడుస్తుంది. హెడ్‌ఫోన్స్ మాత్రం చెవిని పూర్తిగా కప్పేవి, వైరు ఉన్నవే తీసుకోండి. బ్లూటూత్‌తో ఆలస్యం వస్తుంది, కీ నొక్కిన క్షణానికి శబ్దం వినపడదు.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టనక్కర్లేదు. రికార్డింగ్‌కి రీపర్ 60 రోజుల ట్రయల్ ఇస్తుంది. సింథ్‌లకి సర్జ్ ఎక్స్‌టీ పూర్తిగా ఉచితం, వైటల్‌కి ఉచిత వెర్షన్ ఉంది, గంటల్లాంటి శబ్దాలకి డెక్స్‌డ్ ఉచితం. పెద్ద రివర్బ్‌కి (పెద్ద గదిలో మోగినట్టు శబ్దాన్ని సాగదీసే ఎఫెక్ట్) వల్హల్లా సూపర్‌మాసివ్ కూడా ఉచితమే. ఈ ట్రాక్ మొత్తానికి ఇవి చాలు. బయటి సింథ్ ఉంటే వాడుకోండి, కానీ అది లేదని ఆగిపోవద్దు.

## 2. గది, కరెంటు, ఉప్పుగాలి

ఇది వేరే ఊరివాళ్ల గైడుల్లో కనపడదు కాబట్టి చెబుతున్నాను. బీచ్ రోడ్డుకి దగ్గర్లో, పెద జాలరిపేట వైపో ఎంవీపీ కాలనీ వైపో ఉండేవాళ్లకి సముద్రపు గాలి వస్తువుల్ని తినేస్తుంది. జాక్‌లు, నాబ్‌లు తుప్పు పట్టి గరగరమంటాయి. సింథ్‌ని వాడనప్పుడు కవరు కప్పి, పక్కన సిలికా జెల్ ప్యాకెట్లు ఉంచండి. కిటికీ పక్క టేబుల్ మీద మాత్రం పెట్టకండి. గరగర మొదలైతే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే వాడండి, నూనె వేయకండి.

కరెంటు విషయంలో ఒక్క పరీక్ష చేయండి. బయటి సింథ్‌ని కలిపి, ఏమీ వాయించకుండా వాల్యూమ్ పెంచి వినండి. సన్నని గుంయ్‌మనే శబ్దం వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి మళ్లీ వినండి. తగ్గిందా? అయితే ఎర్తింగ్ దగ్గర తేడా ఉంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి, ఎర్త్ సరిగ్గా ఉన్న ప్లగ్గుకి కలపండి. రికార్డింగ్ అయినంతసేపూ ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 5వ భాగంలో తెలుస్తుంది.

## 3. ప్రాజెక్ట్ సెటప్

- టెంపో 60 బీపీఎం (నిమిషానికి 60 బీట్లు). ఒక బీటు సరిగ్గా ఒక సెకను, ఎయిత్ నోటు (అర బీటు) అర సెకను. లెక్కలన్నీ తేలికవుతాయి.
- రికార్డింగ్ నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్.
- బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి లెక్కగట్టే శబ్దపు ముక్క) వాయించేటప్పుడు 256, మిక్స్ చేసేటప్పుడు 1024. విండోస్‌లో ఆడియో ఇంటర్‌ఫేస్ లేకపోతే ఏఎస్‌ఐఓ4ఆల్ డ్రైవర్ వేసుకోండి.
- ఆటో సేవ్ ఐదు నిమిషాలకోసారి. తుపాను రోజుల్లో దీని విలువ తెలుస్తుంది.
- ఆరు ట్రాకులు, వాటికి పేర్లు: డ్రోన్, సీక్వెన్స్ 1, సీక్వెన్స్ 2, సీక్వెన్స్ 3, ప్యాడ్, సముద్రం. వీటితోపాటు రెండు రివర్బ్ ట్రాకులు, ఒక డిలే (ప్రతిధ్వని) ట్రాక్.

శబ్దం పుట్టించే పొరలు ఆరు కన్నా ఎక్కువ పెట్టొద్దు. ఏడోది కావాలనిపించినప్పుడు, ఉన్నవాటిలో ఒకటి తన పని చేయట్లేదని అర్థం.

## 4. స్వరాలు

మోహనం తీసుకుందాం: స, రి, గ, ప, ద. షడ్జమం ఒకటో శ్రుతిలో పెడితే కీబోర్డ్ మీద సి, డి, ఇ, జి, ఎ. అన్నీ తెల్ల కీలే. ఇక్కడ మనం రాగం పాడట్లేదు, గమకాలు లేవు. ఆ స్వరాల వరస ఒక్కటే తీసుకుంటున్నాం.

మోహనమే ఎందుకంటే, ఇందులో ఏ రెండు స్వరాల మధ్యా అర్ధస్వరం తేడా లేదు. పది సెకన్లు మోగే రివర్బ్‌లో పాత స్వరమూ కొత్త స్వరమూ కలిసే ఉంటాయి. హంసధ్వనిలో నిషాదం, పై షడ్జమం మధ్య అర్ధస్వరమే తేడా. శివరంజనిలో రి, గ అంతే. అవి రివర్బ్‌లో ఒకదాని మీద ఒకటి పడితే గీరినట్టు వినిపిస్తుంది. ఆ గీరుడు కావాలనుకుని వాడేవాళ్లున్నారు, అది తర్వాతి పాఠం. మొదటి ట్రాకుకి మోహనం క్షేమం. పైగా దీనిలో ఇంకో లాభం దాగి ఉంది, 10వ భాగంలో చూద్దాం.

## 5. డ్రోన్

1. సర్జ్ ఎక్స్‌టీలో ఖాళీ ప్యాచ్ తెరవండి. రెండు ఆసిలేటర్లు (శబ్దం పుట్టించే భాగాలు), రెండూ సా-టూత్ (రంపపు పళ్ల ఆకారపు వేవ్).
2. 65 హెర్ట్జ్ దగ్గరి సి, దానిపైన 98 హెర్ట్జ్ దగ్గరి జి పట్టి ఉంచండి. అంటే మంద్ర స, ప. సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఆక్టేవ్ అంకెలు మారతాయి కాబట్టి హెర్ట్జ్ చూసి పెట్టుకోండి.
3. రెండో ఆసిలేటర్‌ని 6 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) పైకి జరపండి.
4. లో-పాస్ ఫిల్టర్ (కటాఫ్ కన్నా పై శబ్దాల్ని తగ్గించేది) కటాఫ్ 350 హెర్ట్జ్, రెజొనెన్స్ (కటాఫ్ దగ్గర వచ్చే ఉబ్బు) దాదాపు సున్నా.
5. అటాక్ (స్వరం పూర్తిగా లేచే సమయం) 6 సెకన్లు, రిలీజ్ (కీ వదిలాక ఆరిపోయే సమయం) 10 సెకన్లు.

ఆ 6 సెంట్ల వల్ల 65 హెర్ట్జ్ స్వరం దాదాపు నాలుగున్నర సెకన్లకోసారి మెల్లగా ఊగుతుంది. అదే 6 సెంట్లు రెండు ఆక్టేవులు పైన పెడితే సెకనుకి ఒకసారి ఊగుతుంది, అది కంగారుగా వినిపిస్తుంది. స్థాయి పెరిగేకొద్దీ డీట్యూన్ (ఈ సెంట్ల తేడా) తగ్గించాలి.

ఇప్పుడు కరెంటు సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని హమ్‌లో 100 హెర్ట్జ్ గట్టిగా ఉంటుంది. మన పంచమం 98 హెర్ట్జ్. రెండూ కలిస్తే సెకనుకి రెండుసార్లు దడదడ. బయటి సింథ్‌తో డ్రోన్ రికార్డు చేసినప్పుడు మీరు పెట్టని వేగంలో పంచమం కొట్టుకుంటుంటే సింథ్‌ని అనుమానించకండి. ఎర్తింగ్ చూసుకోండి. తప్పనిసరైతే 100 దగ్గర సన్నని నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క చోటే శబ్దాన్ని తగ్గించేది) పెట్టొచ్చు, కానీ దానికంత దగ్గరలో ఉన్న పంచమం కూడా కొంత పల్చబడుతుంది.

డ్రోన్‌కి రివర్బ్ వద్దు. ముద్ద మొదలయ్యేది ఇక్కడే.

## 6. మూడు సీక్వెన్సులు

ట్రాకుకి ప్రాణం ఇక్కడుంది, కాబట్టి నిదానంగా చేయండి.

చాలామంది 8 అడుగుల సీక్వెన్స్ చేసి, దానిమీద 16 అడుగులది, ఇంకోటి 4 అడుగులది పెడతారు. ఎయిత్ నోట్లలో లెక్కేస్తే ఎనిమిది సెకన్లకు మొత్తం బొమ్మ తిరిగి మొదటికొస్తుంది. నిమిషంలోపే చెవికి విసుగొస్తుంది. ఆ విసుగు పోగొట్టడానికి ఇంకో పొర, ఆపైన ఇంకోటి వేస్తారు. చివరికి ముద్ద.

పొడవులు ఒకదాన్ని ఒకటి భాగించలేని అంకెలుగా పెట్టండి: 8, 7, 5. వీటి కనిష్ఠ సామాన్య గుణిజం 280. అడుగు అర సెకను కాబట్టి మూడూ కలిసి మళ్లీ మొదలవడానికి 140 సెకన్లు, అంటే 2 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఆలోపు మీరు రాయని కలయికలెన్నో వాటంతట అవే పుడతాయి.

ఏడు నిమిషాల ట్రాకులో మూడూ ఒకేసారి మొదలయ్యేది సరిగ్గా మూడు చోట్ల: ఆరంభంలో, 2:20 దగ్గర, 4:40 దగ్గర. నాలుగోసారి కలిసేసరికి 7:00, ట్రాక్ అయిపోతుంది. ఈ సమయాలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ట్రాక్ అమరికంతా వీటి చుట్టే కడతాం.

సీక్వెన్స్ 1, 8 అడుగులు, మధ్య స్థాయి. 260 నుంచి 520 హెర్ట్జ్ ఆక్టేవ్. 1వ అడుగులో స, 4లో ప, 6లో ద. మిగతావి ఖాళీ. సౌండు: వైటల్‌లో ట్రయాంగిల్ వేవ్, అటాక్ 15 మిల్లీసెకన్లు, డికే (లేచిన స్వరం దిగే సమయం) 600, సస్టైన్ (కీ నొక్కి ఉంచితే నిలిచే మట్టం) సున్నా.

సీక్వెన్స్ 2, 7 అడుగులు, ఆపై ఆక్టేవ్. 1లో గ, 5లో రి. సౌండు: డెక్స్‌డ్‌లో మెత్తని గంట. లోహపు మోత ఎక్కువైతే మాడ్యులేటర్ ఆపరేటర్ (గంటకి ఆ లోహపు మోతనిచ్చే భాగం) లెవెల్ తగ్గించండి.

సీక్వెన్స్ 3, 5 అడుగులు, ఇంకా పైన. 3వ అడుగులో ప, ఒక్కటే స్వరం. సౌండు: సైన్ వేవ్, చాలా చిన్న డికే, వాల్యూమ్ బాగా తక్కువ. ఇది మొదటి అడుగులో మొదలవకపోవడం ముఖ్యం.

మూడూ కలిపినా సెకనుకి సగటున రెండు స్వరాలు కూడా రావు. మొదట ఖాళీగా అనిపిస్తుంది. అలాగే వదిలేయండి, డిలే వచ్చాక ఆ ఖాళీ నిండుతుంది.

రీపర్‌లో చేసే విధం: గ్రిడ్‌ని ఎయిత్ నోటుకి పెట్టండి. సరిగ్గా 7 ఎయిత్ నోట్ల టైమ్ సెలెక్షన్ చేసి కొత్త మిడి ఐటమ్ పెట్టండి. స్వరాలు గీయండి. ఐటమ్ ప్రాపర్టీస్‌లో లూప్ సోర్స్ ఆన్‌లో ఉందో లేదో చూసి, కుడి అంచుని 7:00 దాకా లాగండి. మిగతా రెండూ అంతే. బార్ గీతలకీ సీక్వెన్సులకీ పొంతన కుదరదు, కంగారు పడొద్దు. దాన్ని సరిచేయాలని ఐటమ్‌ని కత్తిరిస్తే చేసిన పనంతా పోతుంది.

ఇక వెలాసిటీ, అంటే ఒక్కో స్వరాన్ని ఎంత గట్టిగా కొట్టాలన్నది. అన్నీ 100 పెడితే యంత్రం కొట్టినట్టుంటుంది. సీక్వెన్స్ 1లో 70, 50, 62 పెట్టండి. సీక్వెన్స్ 2లో 58, 44. ర్యాండమ్ బటన్ నొక్కడం కన్నా చేత్తో పెట్టడం మేలు. ఏ స్వరం ముందుకు రావాలో నిర్ణయించాల్సింది మీరు.

ముందుకెళ్లే ముందు:

☐ మూడు పొడవులూ వేరువేరా?
☐ మూడు సౌండ్లూ వేరు ఆక్టేవుల్లో ఉన్నాయా?
☐ ఒక్కోటి మ్యూట్ చేస్తే తేడా తెలుస్తోందా? తెలియకపోతే ఆ సౌండు మార్చండి.
☐ 2:20 దాకా ఏమీ ముట్టుకోకుండా కూర్చుని విన్నారా?

చివరిది దాటేసేవాళ్లే ఎక్కువ. దాటేయకండి.

## 7. ప్యాడ్

ప్యాడ్‌ని కావాలనే సీక్వెన్సుల తర్వాత పెట్టాను. ముందే వేస్తే అది జాగా అంతా ఆక్రమించేస్తుంది, తర్వాత వచ్చినవన్నీ దానితో పోట్లాడాలి. ఇప్పుడైతే ఎక్కడ ఖాళీ మిగిలిందో మీకు తెలుసు: 200 నుంచి 500 హెర్ట్జ్ మధ్య. సీక్వెన్స్ 1 కూడా అక్కడే ఉంది, కానీ దాని స్వరాలు చిన్నవి, వాటి మధ్య ఖాళీ ఎక్కువ.

మూడు స్వరాలు చాలు: కింద స, పైన ప, ఆపైన ఎడంగా రి. స-గ-ప అని దగ్గరదగ్గరగా పట్టొద్దు, హార్మోనియం మీద చెయ్యి పెట్టి మరిచిపోయినట్టుంటుంది. అటాక్ 4 సెకన్లు, రిలీజ్ 8. డీట్యూన్ 3 సెంట్లు మించొద్దు. 180 కింద హై-పాస్ (ఆ కింది శబ్దాల్ని తగ్గించే ఫిల్టర్), 1500 పైన లో-పాస్.

ప్యాడ్ ఏడు నిమిషాలూ మోగకూడదు. 25 సెకన్లు ఉండి, 40 సెకన్లు లేకుండా పోవాలి. అది లేనప్పుడే సీక్వెన్సులు వినపడతాయి.

## 8. సముద్రం

యాంబియంట్ చేసేవాళ్లకి ఈ ఊరు ఇచ్చినంత ముడిసరుకు తక్కువ ఊళ్లు ఇస్తాయి. ఇసుక బీచ్‌లో అల విరిగాక పొడవుగా బుస్సుమంటూ వెనక్కి పోతుంది, దానికి రుషికొండ, యారాడ బాగుంటాయి. తెన్నేటి పార్కు కింది రాళ్ల దగ్గర దెబ్బ, గుడగుడ ఎక్కువ. మన ట్రాకులో పై స్థాయి ఖాళీగా ఉంది కాబట్టి ఇసుక బీచ్ శబ్దమే నప్పుతుంది. రాళ్ల శబ్దం డ్రోన్‌కి అడ్డొస్తుంది.

ఆర్కే బీచ్‌లో వాహనాల హోరు అలల్లో కలిసిపోతుంది, తర్వాత తీయలేం. అక్కడే చేయాలంటే తెల్లవారకముందే వెళ్లండి. ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున వేలంపాట కేకలు, బోటు ఇంజన్లు అద్భుతంగా ఉంటాయి. కానీ మనుషుల గొంతులు రికార్డు చేసేటప్పుడు అడిగి చేయండి. నేవీ ప్రాంతాల చుట్టుపక్కల ఫోను బయటికి తీసి రికార్డింగ్ చేయనే చేయొద్దు.

ఫోనుతో చేసే పద్ధతి:

- ఫోనుతో వచ్చే మామూలు వాయిస్ రికార్డర్లలో చాలావాటికి అలల హోరు ఒక రొద. దాన్ని అణచాలని చూసి వాల్యూమ్ పైకీ కిందకీ లాగుతాయి. వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేసే యాప్ వేసుకుని, నాయిస్ రిడక్షన్, ఆటో గెయిన్ రెండూ ఆపండి.
- ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.
- గాలికి మైకు బుడబుడమంటుంది. పల్చటి స్పాంజి చుట్టండి, గాలికి మీ వీపు అడ్డుపెట్టండి.
- నీళ్లకి దూరంగా, పొడి ఇసుకలో నిలబడండి. ఆర్కే, రుషికొండ, యారాడల్లో అడుగున లాగే ప్రవాహాలు ప్రమాదకరం. మంచి శబ్దం కోసం ముందుకు జరగొద్దు.
- కనీసం పది నిమిషాలు, కదలకుండా.

ఇంటికొచ్చాక 200 కింద హై-పాస్ పెట్టండి. గాలి దెబ్బలు చాలావరకు అక్కడే పోతాయి. తర్వాత పది అలలు ఎంతసేపట్లో వచ్చాయో లెక్కపెట్టి పదితో భాగించండి. ఆ రోజు అలల వ్యవధి అది. దాన్నీ కాగితం మీద రాయండి, ఇంకాసేపట్లో కావాలి.

## 9. డిలే, రివర్బ్, నెమ్మది కదలికలు

డిలేని 750 మిల్లీసెకన్లకు పెట్టండి. 60 బీపీఎంలో డాటెడ్ ఎయిత్ అంటే ఇదే. సీక్వెన్స్ అడుగు 500 కాబట్టి, తిరిగొచ్చే చప్పుళ్లు ఒకటి విడిచి ఒకటి అడుగుల మధ్య ఖాళీల్లో పడతాయి. ఫీడ్‌బ్యాక్ (ప్రతిధ్వనిలో మళ్లీ తిరిగొచ్చే పాలు) 40 శాతం. తిరిగొచ్చే శబ్దానికి 3000 పైన లో-పాస్ పెట్టండి, లేకపోతే అసలు స్వరమేదో ప్రతిధ్వని ఏదో తెలియదు.

రివర్బ్‌లు రెండు. చిన్నది 2 సెకన్లు, సీక్వెన్స్ 1కీ ప్యాడ్‌కీ. పెద్దది 12 సెకన్లు, సీక్వెన్స్ 2, 3లకి. రెండు రివర్బ్‌లకీ ముందు 250 హెర్ట్జ్ హై-పాస్ ఈక్యూ పెట్టాలి, ప్రీ-డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు విరామం) 60 మిల్లీసెకన్లు. సముద్రానికి రివర్బ్ వద్దు, అది ఇప్పటికే ఆరుబయట ఉంది.

రివర్బ్‌ని ఒక్కో ట్రాకు మీద విడివిడిగా వేసుకుంటూ పోతే ఆరు వేరువేరు గదులు తయారవుతాయి. సెండ్‌లతోనే (ట్రాకు శబ్దంలో కొంత రివర్బ్ ట్రాకుకి మళ్లించే దారులు) పంపండి.

ఇక ఎల్‌ఎఫ్‌ఓలు, అంటే ఒక నాబ్‌ని మెల్లగా వాటంతట అవే అటూ ఇటూ తిప్పేవి. వీటి వ్యవధుల్ని కూడా సీక్వెన్సుల్లాగే పొంతన లేని అంకెలుగా ఎంచుకోండి:

- డ్రోన్ ఫిల్టర్ కటాఫ్: 47 సెకన్లకు ఒక చుట్టు, 0.021 హెర్ట్జ్. 280 నుంచి 450 మధ్య తిరగాలి.
- సీక్వెన్స్ 1 ఫిల్టర్: 31 సెకన్లు, 0.032 హెర్ట్జ్.
- సీక్వెన్స్ 2 ఎడమ-కుడి పాన్: 23 సెకన్లు, 0.043 హెర్ట్జ్. కొద్దిగానే, పూర్తిగా అంచులకు కాదు.
- ప్యాడ్ వాల్యూమ్: మీరు రాసుకున్న అలల వ్యవధి. అల తొమ్మిది సెకన్లకొకటైతే ఇదీ తొమ్మిదే, 0.111 హెర్ట్జ్. లోతు బాగా తక్కువ, 1.5 డెసిబెల్ చాలు.

చివరిదాన్ని వినేవాళ్లు గుర్తుపట్టరు. కానీ సముద్రం మీద అతికించినట్టు కాకుండా ట్రాకులో భాగంగా వినపడటానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

## 10. డ్రోన్ మార్చడం: గ్రహభేదం

యాంబియంట్ ట్రాక్ ఏడు నిమిషాలు ఒకే చోట నిలబడితే నిద్రొస్తుంది. కార్డ్స్ (కలిపి వాయించే స్వరాల గుంపులు) మారిస్తే మామూలు పాటైపోతుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్న చెవులకి మధ్యేమార్గం ఒకటి తెలిసే ఉంటుంది: స్వరాలు ముట్టుకోకుండా ఆధారషడ్జమం ఒక్కటే మార్చడం.

మోహనంలో రిషభాన్ని షడ్జమం అనుకుంటే మధ్యమావతి వస్తుంది. గాంధారాన్ని అనుకుంటే హిందోళం. పంచమాన్ని అనుకుంటే శుద్ధ సావేరి. ధైవతాన్ని అనుకుంటే శుద్ధ ధన్యాసి. అంటే మూడు సీక్వెన్సులూ ఒక్క స్వరం కూడా మారకుండా అలాగే నడుస్తుంటాయి, కింద డ్రోన్ ఒక్కటీ జరుగుతుంది, మొత్తం రంగు మారిపోతుంది.

మన ట్రాకులో:

1. 0:00 నుంచి డ్రోన్ సి మీద, పైన జి. మోహనం.
2. 2:20 నుంచి డ్రోన్ ఎ మీద, పైన ఇ. శుద్ధ ధన్యాసి ఛాయ, కొంచెం దిగులు.
3. 4:40 నుంచి డ్రోన్ డి మీద, పైన ఎ. మధ్యమావతి. ముగింపుకి దీనికన్నా తగింది దొరకదు, మన కచేరీలు తరచుగా ముగిసేదీ మధ్యమావతితోనే కదా.

ఎ పెట్టేటప్పుడు పైకి, 110 హెర్ట్జ్ దగ్గరికి వెళ్లండి. కిందికి 55కి పోతే మామూలు స్పీకర్లలో వినపడదు. మార్పు ఒక్కసారిగా కాకూడదు. డ్రోన్ ట్రాకుని రెండు చేసి (ఇది కొత్త పొర కాదు, అదే డ్రోన్), పాతది 2:05 నుంచి దిగుతూ, కొత్తది అప్పుడే ఎక్కుతూ, 2:20కి కొత్తది నిలబడేలా 15 సెకన్ల క్రాస్‌ఫేడ్ ఇవ్వండి. సీక్వెన్సులన్నీ కలిసే క్షణానికి నేల సిద్ధంగా ఉంటుంది.

ప్యాడ్ స్వరాల్ని కూడా సరిచూసుకోండి. డ్రోన్ ఎ మీదున్నప్పుడు ప్యాడ్‌లో ఎ, ఇ, జి పట్టండి. డి మీదున్నప్పుడు డి, ఎ, ఇ.

హిందోళం ప్రయత్నించాలనుకుంటే ఒక జాగ్రత్త. డ్రోన్ ఇ మీద పెట్టి అలవాటు ప్రకారం పంచమం కలిపితే బి వస్తుంది, అది మన అయిదు స్వరాల్లో లేదు. హిందోళానికి పంచమం లేదు. అక్కడ డ్రోన్‌లో ఇ, ఎ పెట్టండి, అంటే షడ్జమం, మధ్యమం.

## 11. అమరిక

అన్ని పొరలూ ఏడు నిమిషాలూ ఉన్నాయి. ఇప్పుడు పని తీసేయడం.

ఫేడర్లు ఆటోమేషన్ రైట్ మోడ్‌లో (మీ చేతి కదలికల్ని రికార్డు చేసే మోడ్) పెట్టి, ట్రాక్ మొదటి నుంచి చివరిదాకా నడుపుతూ చేత్తో వాల్యూములు పెంచుతూ తగ్గిస్తూ పోండి. మౌస్‌తో గీతలు గీసి చేసిన ఆటోమేషన్ కన్నా ఇది ఎప్పుడూ బాగుంటుంది, ఎందుకంటే వింటూ చేస్తారు. ఒక్కో ట్రాకుకి ఒక్కో పాస్ ఇవ్వండి.

మొదలుపెట్టడానికి ఒక దారి:

- 0:00: సముద్రం, డ్రోన్
- 0:35: సీక్వెన్స్ 1 మెల్లగా
- 1:20: సీక్వెన్స్ 2, ప్యాడ్ మొదటిసారి
- 2:20: కొత్త డ్రోన్. సీక్వెన్స్ 1 సగానికి తగ్గాలి
- 3:10: సీక్వెన్స్ 3 మొదటిసారి, సముద్రం దాదాపు లేదు
- 4:40: మూడో డ్రోన్. మూడు సీక్వెన్సులూ పూర్తి వాల్యూమ్‌లో ఉండేది ఈ ఒక్క చోటే, ఒక నిమిషం పాటు
- 5:45 నుంచి ఒక్కోటి తప్పుకోవాలి, సముద్రం తిరిగి రావాలి

ఏ క్షణంలోనూ నాలుగు పొరలకి మించి గట్టిగా వినపడకూడదు. 4:40 తర్వాతి నిమిషంలో సముద్రాన్ని, ప్యాడ్‌ని దించేస్తే ఆ లెక్క సరిపోతుంది.

## 12. మిక్స్

ఒక్కో ట్రాకు పీక్ (శబ్దం అత్యధికంగా లేచే మట్టం) మైనస్ 12 డెసిబెల్ దాటకుండా, మాస్టర్ మైనస్ 6 దాటకుండా చూడండి. డ్రోన్‌ని స్టీరియోలో వెడల్పు చేయొద్దు, 120 హెర్ట్జ్ కింద అంతా మోనో.

మూడు చోట్ల వినండి. హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి. ఫోను స్పీకర్లో ఒకసారి: డ్రోన్ ఎలాగూ వినపడదు, కానీ ప్యాడ్ మాయమైతే డీట్యూనో స్టీరియో వెడల్పో ఎక్కువైనట్టు, మోనోలో అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. మూడోది గదిలో, చిన్న స్పీకర్లో, సీలింగ్ ఫ్యాన్ నాలుగు మీద పెట్టి. మన ఊళ్లో ఎక్కువమంది వినేది అలాగే. ఫ్యాన్ హోరులో సముద్రం మునిగిపోతుంది. అప్పుడు సముద్రం వాల్యూమ్ పెంచడం కన్నా 3000 హెర్ట్జ్ చుట్టూ 2 డెసిబెల్ ఎత్తితే మేలు.

## 13. తేడా వచ్చినప్పుడు

అంతా ముద్దగా ఉంది. ముందు రెండు రివర్బ్‌లూ ఆపండి. శుభ్రమైతే తప్పు రివర్బ్ ముందున్న హై-పాస్‌లో. ఇంకా ముద్దగానే ఉంటే ప్యాడ్ మ్యూట్ చేయండి. నూటికి తొంభై కేసుల్లో ఈ రెండింటిలోనే దొరుకుతుంది.

విసుగ్గా ఉంది. కొత్త పొర వేయకండి. సీక్వెన్సుల పొడవు లెక్కపెట్టండి. 7 అడుగుల ఐటమ్ పొరపాటున 8కి స్నాప్ అయి ఉంటుంది.

పైస్థాయి చెవిని గుచ్చుతోంది. సీక్వెన్స్ 2 గంటని చూడండి. వాల్యూమ్ తగ్గిస్తే చాలదు, మాడ్యులేటర్ లెవెల్ తగ్గించాలి.

చిటపటలు వస్తున్నాయి. బఫర్ పెంచండి. చాలకపోతే వైటల్, సర్జ్ ట్రాకుల్ని ఫ్రీజ్ చేయండి (ఆడియోగా మార్చి ఉంచండి).

రాత్రి అద్భుతంగా ఉంది, పొద్దున అస్సలు బాలేదు. రాత్రి వాల్యూమ్ ఎక్కువ పెట్టి విన్నారు. వాల్యూమ్ నాబ్ మీద ఒక గుర్తు పెట్టుకుని, ఎప్పుడూ అక్కడే ఉంచి నిర్ణయాలు తీసుకోండి.

## 14. బయటికి తీయడం

7:00 తర్వాత ఇంకో 20 సెకన్లు కలిపి ఎక్స్‌పోర్ట్ చేయండి, లేకపోతే 12 సెకన్ల రివర్బ్ తోక తెగిపోతుంది. చివర ఫేడ్ ఇవ్వాలంటే చివరి 8 సెకన్లకే ఇవ్వండి.

స్ట్రీమింగ్ కోసం లౌడ్‌నెస్ ఎక్కువ చేయాలని లిమిటర్‌తో (గట్టి శబ్దాల్ని అణచేది) నొక్కేయకండి. స్పాటిఫై వాల్యూమ్‌ని మైనస్ 14 లఫ్స్ (సగటున ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) చుట్టూ సర్దుతుంది. యాంబియంట్‌కి మైనస్ 18 అయినా బాగానే ఉంటుంది. నొక్కితే మాత్రం అలల ఊపు, డ్రోన్ ఊపు రెండూ చదునైపోతాయి. ట్రూ పీక్ మైనస్ 1 దాటకపోతే చాలు.

☐ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు
☐ ఒక్కో ట్రాకు విడిగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకున్నారా? ప్లగిన్‌లు మారినా ఇవి ఉంటాయి
☐ పది నిమిషాల సముద్రం అసలు రికార్డింగ్, తేదీ, చోటు, అలల వ్యవధి రాసి వేరే ఫోల్డర్‌లో ఉందా?
☐ స్వరాలు తీసేసి, సౌండ్లు, సెండ్‌లు, ఎల్‌ఎఫ్‌ఓలు మాత్రం ఉంచి ప్రాజెక్ట్‌ని టెంప్లేట్‌గా సేవ్ చేశారా?

రెండో ట్రాక్ ఆ టెంప్లేట్ నుంచే మొదలుపెట్టండి. ఈసారి పొడవులు 9, 7, 4 పెట్టి చూడండి. గుణిజం 252, అంటే అవి 2 నిమిషాల 6 సెకన్లకు కలుస్తాయి. డ్రోన్ మార్పులు అక్కడికి జరపండి.